కుటుంబ ఎస్‌యూవీ మైలేజీ: లీటరు ఎక్కడ ఖర్చవుతుంది

ఎస్‌యూవీ లీటరుకు ఎంత ఇస్తుందన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు దొరకదు. బేతంచెర్ల నుంచి డోన్ చేరి 44వ నంబరు జాతీయ రహదారి మీద నిలకడగా 80 వేగంతో వెళ్తే ఒక లెక్క. నాపరాళ్ల లారీల వెనక ఆగుతూ సాగుతూ బనగానపల్లె దారి పడితే ఇంకో లెక్క. మే నెల మధ్యాహ్నం ఊళ్లోనే బజారుకూ రైల్వే స్టేషనుకూ తిరిగితే మరో లెక్క. పెట్రోలుతో నడిచే మధ్యస్థాయి ఎస్‌యూవీ మొదటి దారిలో 18 ఇచ్చి, చివరి తిరుగుడులో 9 దగ్గర ఆగిపోవడం వింత కాదు. ఈ తేడాలో అధిక భాగం గాలి, బ్రేకు, ఏసీ, బరువుల నుంచి వస్తుంది. జనం నోట ఎక్కువగా నలిగే ఎయిర్ ఫిల్టరు, తెల్లవారుజామున పోయించుకునే పెట్రోలు వంటివాటి వాటా స్వల్పం.

ఈ ప్రశ్న ఇప్పుడు కొద్దిమంది షావుకార్లది కాదు. 2024-25లో దేశంలో అమ్ముడైన సుమారు 43 లక్షల ప్యాసింజర్ వాహనాల్లో 28 లక్షల దాకా ఎస్‌యూవీలు కూడా లెక్కకొచ్చే యుటిలిటీ వాహనాలే. పైగా ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల అభివృద్ధి సుంకం మరో రూపాయి అంటూ 2020లో కుదిరిన పన్నుల వల్ల కర్ణాటక కన్నా ఇక్కడ లీటరు ధర ఎక్కువ. అందుకే బళ్లారి వైపు వెళ్లినవాళ్లు అక్కడే ట్యాంకు నింపుకుని వస్తారు.

కంపెనీ చెప్పే మైలేజీ పరీక్షశాలలో తేలినది. పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల్లో బండిని రోలర్ల మీద నిలబెట్టి, ముందే నిర్ణయించిన వేగాల పట్టిక ప్రకారం ఇరవై నిమిషాల పాటు నడుపుతారు. ఆ పట్టికలో గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ. అదీ కొద్దిసేపే. మొత్తం మీద సగటు వేగం ముప్పై చిల్లర. ఇన్నాళ్లుగా చెబుతూ వచ్చిన అంకెలన్నీ ఏసీ ఆపి తీసినవే. ఎదురుగాలి, గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, వెనక సీట్లో ముగ్గురు మనుషులు, డిక్కీలో బియ్యం మూట, ఇవేవీ ఆ గదిలోకి రావు. కాబట్టి ఆ అంకె ఒక బండిని మరో బండితో పోల్చి చూడటానికి చక్కగా పనికొస్తుంది. నెల ఖర్చు లెక్కకు దాన్ని నేరుగా వాడితే మాత్రం నిరాశే. వాడుకలో అందులో నాలుగో వంతు తగ్గుతుందని ముందే అనుకుని బడ్జెట్టు వేసుకోవడం క్షేమం.

ఇంధనం ఎటు పోతుందో తెలియాలంటే ఇంజన్‌తో మొదలుపెట్టాలి. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. మామూలు పెట్రోలు ఇంజన్ హైవే మీద అందులో 30 శాతం దాకా చక్రాలకు అందిస్తుంది. ఊళ్లో అంత కూడా అందదు. మిగిలిందంతా సైలెన్సర్ గుండా, రేడియేటర్ గుండా వేడిగా పోతుంది. అందిన ఆ కాస్త శక్తితో బండి మూడు పనులు చేయాలి: ఎదురొచ్చే గాలిని చీల్చాలి, నలిగి తిరిగే టైర్ల నిరోధాన్ని దాటాలి, ఆగినప్పుడల్లా మళ్లీ వేగం పుంజుకోవాలి. ఎత్తెక్కడం, ఏసీ నడపడం వీటికి అదనం.

గాలి సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఎస్‌యూవీని కారు నుంచి వేరు చేసేది ప్రధానంగా ఇదే. నిటారైన ముఖం, పెద్ద అద్దాలు, నేల నుంచి ఎత్తుగా ఉన్న అడుగుభాగం వల్ల ఎదురుగాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది, గాలి జారిపోయే తీరు చెడుతుంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. మనుషులతో, సామానుతో కలిపి 1,800 కిలోలున్న మధ్యస్థాయి ఎస్‌యూవీని లెక్కలోకి తీసుకుంటే, టైర్ల నిరోధం ఏ వేగంలోనైనా దాదాపు 190 న్యూటన్ల దగ్గర నిలుస్తుంది. గాలి నిరోధం మాత్రం 60 వేగంలో 150, 80లో 270, 100లో 420, 120లో 600 న్యూటన్లకు చేరుతుంది. అంటే 70 లోపు టైర్లదే పైచేయి, ఆ తర్వాత గాలిదే రాజ్యం. రెండూ కలిపి చూస్తే 80 నుంచి 100కు వెళ్లేసరికి ఇంజన్ మీద బలం మూడో వంతు పెరుగుతుంది. 120కి చేరితే 80 నాటి కన్నా 70 శాతం అదనం. భారం పెరిగినప్పుడు ఇంజన్ కాస్త సమర్థంగా పనిచేస్తుంది గనుక ఇంధనం అచ్చంగా ఆ నిష్పత్తిలో పెరగదు. అయినా 80 దగ్గర 18 ఇచ్చే బండి 100 దగ్గర 14-15, 120 దగ్గర 12 ఇస్తుందనుకోవచ్చు.

దీన్ని కాలంతో కలిపి చూడాలి. డోన్ దగ్గర 44వ నంబరు రహదారి ఎక్కి గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరు వైపు వెళ్లేవారికి ప్రతి 100 కి.మీ. దూరానికి 80 వేగంలో గంటాపావు, 100 వేగంలో గంట, 120 వేగంలో యాభై నిమిషాలు పడుతుంది. మొదటి పెంపులో పదిహేను నిమిషాలు మిగిలి లీటరుంపావు అదనంగా ఖర్చవుతుంది. రెండో పెంపులో మిగిలేది పదే నిమిషాలు, ఖర్చయ్యేది లీటరున్నర. వేగం పెరిగేకొద్దీ ఒక్కో నిమిషం మరింత ఖరీదవుతుంది. మైలేజీ కోసం చేయగలిగిన పనుల్లో హైవే మీద 90 దాటకపోవడాన్ని మించినది లేదు. అది పైసా ఖర్చు లేనిది, ప్రాణాలకూ మేలు చేసేది. పెట్రోలియం పొదుపు కోసం 1978లో ఏర్పడిన కేంద్ర సంస్థ పీసీఆర్ఏ ఏళ్ల తరబడి 45-55 వేగాన్నే సిఫారసు చేస్తూ వచ్చింది. జాతీయ రహదారి మీద అంత నెమ్మది కుదరదు గానీ, సలహా వెనకున్న సూత్రం మాత్రం ఇదే.

టాపు మీద క్యారియర్ గాలి లెక్కను ఇంకా పాడుచేస్తుంది. తిరుపతి ప్రయాణానికి సామానంతా పైన కట్టి పట్టా కప్పడం సీమలో పరిపాటి. పైన ఎత్తుగా ఉండే సామాను పెట్టె వల్ల హైవే మీద 6 నుంచి 17 శాతం దాకా మైలేజీ పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్కగట్టింది. ఎగిరే పట్టా, కుదురు లేని మూటలు అంతకన్నా నయం కావు. ప్రయాణం అయ్యాక కూడా ఖాళీ క్యారియర్‌ను ఏడాది పొడవునా టాపు మీదే ఉంచితే దానికీ గాలి తగులుతుంది. నాలుగు బోల్టులు విప్పి ఇంట్లో పెట్టుకుంటే సరిపోతుంది.

బ్రేకు ఖర్చు కంటికి కనిపించదు గనుక దాని గురించి ఎవరూ అంతగా అనుకోరు. అదే 1,800 కిలోల బండి 60 వేగంతో వస్తూ స్పీడ్ బ్రేకర్ ముందు 15కి తగ్గిందనుకుంటే, దాటాక మళ్లీ 60 అందుకోవడానికి 25 నుంచి 30 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. ఒక్కటైతే లెక్కలోకి రాదు. పల్లె పల్లెకూ రెండేసి దిబ్బలున్న దారిలో ఇరవై దాటేసరికి అర లీటరు పైన బ్రేకు ప్యాడ్ల వేడిగా గాలిలో కలిసిపోతుంది. నాపరాళ్ల గనులూ పాలిష్ ఫ్యాక్టరీలూ ఉన్న బేతంచెర్ల చుట్టుపక్కల మరో సమస్య ఉంది. పలకల లోడుతో నెమ్మదిగా పోయే లారీ వెనక చిక్కుకుని, సందు దొరకగానే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి దాటి, అరకిలోమీటరులోనే ఇంకో లారీ వెనక బ్రేకు వేయడం. ఇలా నడిపితే హైవే వేగంలో 15 నుంచి 30 శాతం, ఆగి సాగే రోడ్ల మీద 10 నుంచి 40 శాతం మైలేజీ పోతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా.

స్పీడ్ బ్రేకర్ కనపడగానే, బ్రేకు దాకా పోకుండా, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయడంలోనే డ్రైవింగ్ నేర్పు ఉంది. బండి గేరులోనే ఉండి కాలు తీస్తే ఆధునిక ఇంజన్‌లో ఇంజెక్టర్లు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి. ఆ కాసేపు ఖర్చు సున్నా. న్యూట్రల్ చేసి వదిలితే ఈ సదుపాయం పోతుంది. ఇంజన్ బతికి ఉండటానికి ఇంధనం తాగుతూనే ఉంటుంది. కార్బురేటర్ల కాలంలో పుట్టిన న్యూట్రల్ అలవాటు ఇప్పటికీ చాలామందిలో ఉంది. దిగుడులో అది పెట్రోలు మిగల్చదు, ఇంజన్ పట్టును తీసేసి బ్రేకుల మీద మొత్తం భారం వేస్తుంది. ఘాట్‌లో ఇది ప్రమాదకరం.

ఎత్తెక్కే ఖర్చును కచ్చితంగా లెక్కగట్టవచ్చు. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. 1,800 కిలోల బరువును అంత పైకి ఎత్తడానికే లీటరుంపావు పెట్రోలు కావాలి. రోడ్డు నిరోధం, ఏసీ దీనికి వేరు. దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో కాలు తీసి వస్తే ఖర్చు దాదాపు ఉండదు. అందువల్ల ఎక్కేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఆరో ఏడో కనిపించిందని కంగారుపడనక్కరలేదు. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల దారి, దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారి ఇంకో రకం. అక్కడ ఎక్కుడూ దిగుడూ మాటిమాటికీ మారుతుంటాయి, మలుపుల దగ్గర బ్రేకు తప్పదు. దిగుడులో దొరికిన వేగం తర్వాతి ఎక్కుడుకు అక్కర రాకుండా మలుపులోనే పోతుంది.

బరువు ప్రభావం కూడా ఈ దారుల్లోనే, ఊళ్లోనే ఎక్కువ. నిలకడగా సాగే హైవే మీద తక్కువ. 45 కిలోల అదనపు బరువుకు దాదాపు ఒక శాతం మైలేజీ తగ్గుతుందన్నది స్థూలమైన అంచనా. డిక్కీలో ఊరికే తిరిగే సామాను తీసేయడం మంచిదే గానీ, అసలు బరువు బండి కొన్నప్పుడే నిర్ణయమైపోతుంది. 1994లో వచ్చిన టాటా సుమో, 2000లో వచ్చిన బొలెరో, 2002లో వచ్చిన స్కార్పియో లారీల తరహాలో వేరే ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన బళ్లు. గనుల దారికీ, పొలం గట్టుకూ తట్టుకునే బలం వాటిది. ఆ బలానికి తగ్గ బరువూ, పెట్టెలాంటి ఆకారమూ వాటికున్నాయి. 2015 నాటి క్రెటా, 2019 నుంచి పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో తయారవుతున్న సెల్టోస్ వంటివి కారు పద్ధతిలో ఛాసిస్, బాడీ ఒకటిగా కట్టినవి. వందల కిలోలు తేలిక, గాలికి కాస్త అనువైన రూపం. రాళ్ల దారుల్లో రోజూ తిరగని కుటుంబం మొదటి రకం కొంటే, అక్కర లేని బలానికి ప్రతి కిలోమీటరులోనూ ఇంధనం రూపంలో కిరాయి కడుతున్నట్టే. నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా అంతే. అదనపు షాఫ్టులు, గేర్లు తిరుగుతూ బరువునూ ఒరిపిడినీ పెంచుతాయి.

ఇక ఎండ. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో 42-44 డిగ్రీలు మామూలు. వేడిగాలి పలచన గనుక గాలి నిరోధం కొద్దిగా తగ్గుతుంది. ఇంజన్ త్వరగా వేడెక్కి, చలిదేశాల్లో స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాల్లో అయ్యే వృథా ఇక్కడ తక్కువ. ఈ రెండు లాభాలనూ ఏసీ మింగేస్తుంది. వేసవిలో కంప్రెసర్ గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా ఇంధనం తీసుకుంటుంది. ఈ ఖర్చు దూరానికి కాదు, కాలానికి. అందుకే హైవే మీద 80 వేగంలో 100 కి.మీ.కు ముప్పావు లీటరు చొప్పున సరిపెట్టుకుంటే, ఊళ్లో 25 వేగంతో తిరిగినప్పుడు అదే 100 కి.మీ.కు రెండు మూడు లీటర్లు అవుతుంది. వేసవిలో బండి సగమే ఇస్తోందని షెడ్డుకు తీసుకెళ్లేవారిలో చాలామంది బండికి జబ్బేమీ ఉండదు. తిరిగే దూరం చిన్నదై, నడిచే ఏసీ పెద్దదవుతుంది.

ఎండలో నిలిపిన బండి లోపల 60 డిగ్రీలు దాటుతుంది. ఎక్కగానే అద్దాలన్నీ దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి, వేడిగాలి బయటికి పోయాక ఏసీ వేసి, లోపలి గాలే తిరిగేలా మీట మారిస్తే కంప్రెసర్ కష్టం తగ్గుతుంది. వేపచెట్టు నీడ దొరికితే మరీ మంచిది. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు, ఎండ తగ్గాక, అద్దాలు దించుకుంటే పొదుపే. హైవే వేగంలో దించితే గాలి లోపలికి దూరి నిరోధం పెరుగుతుంది. అక్కడ ఏసీయే నయం. రైల్వే గేటు పడినప్పుడో, బస్టాండు దగ్గర ఎవరికోసమో ఎదురుచూస్తున్నప్పుడో ఇంజన్ నడుస్తూ ఉంటే ఏసీ లేకుండానే పది నిమిషాలకు 100 మిల్లీలీటర్లకు పైగా పోతుంది.

ఇంధనం స్వభావం కూడా కొంత తేడా తెస్తుంది. బంకుల్లో ఇప్పుడు దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే గనుక, ఈ20 లీటరులో శక్తి స్వచ్ఛమైన పెట్రోలు కన్నా 7 శాతం దాకా తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి ఈ10కు సర్దిన కార్లలో మైలేజీ 6-7 శాతం, ఈ10కు రూపొందించి ఈ20కి సర్దిన వాటిలో 1-2 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. ఈ10 పెట్రోలు మీద ఉన్న పాత లెక్కతో పోల్చుకునేవారికి ఆ 7 శాతంలో సగం దాకానే తేడా కనిపిస్తుంది. లీటరుకు 15 ఇచ్చిన పాత బండి 14.5కు దిగితే ఇంధనాన్ని అనుమానించవచ్చు. 11కు దిగితే కారణం వేరే చోట వెతకాలి.

లీటరు డీజిల్‌లో శక్తి సుమారు 36 మెగాజౌళ్లు. డీజిల్ ఇంజన్ దాన్ని పెట్రోలు ఇంజన్ కన్నా సమర్థంగా వాడుకుంటుంది. రెండూ కలిసి బరువైన బండికి డీజిల్‌ను అనుకూలం చేశాయి. అయితే 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు వచ్చినప్పటి నుంచి డీజిల్ ఎస్‌యూవీల్లో పొగలోని మసిని పట్టే ఫిల్టరు, డీపీఎఫ్, ఉంటోంది. పట్టిన మసిని అప్పుడప్పుడూ బాగా వేడెక్కించి కాల్చేయాలి. దానికి బండి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. ఇంజన్ కొంత డీజిల్‌ను ఈ పనికే అదనంగా చల్లుతుంది. ఇంటి నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఇంటికి రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఈ కాల్పు మధ్యలోనే ఆగి, మళ్లీ మొదలై, ఇంధనం వృథా అవుతూ చివరికి ఫిల్టరు మూసుకుపోతుంది. అలాంటి వాడకానికి డీజిల్ తగదు. తప్పనిసరైతే వారానికొకసారి డోన్ దాకానో పాణ్యం దాకానో ఆగకుండా నడిపి రావాలి.

టైర్లలో గాలి తగ్గితే, నాలుగింటిలోనూ సగటున ఒక పీఎస్ఐకి 0.2 శాతం చొప్పున మైలేజీ పడుతుంది. 33 ఉండాల్సినచోట 25 ఉంటే నష్టం రెండు శాతం లోపే. ఇంధనం కన్నా భద్రత కోసమే గాలి చూసుకోవాలి. మెత్తబడిన టైరు ఎండాకాలం తారు రోడ్డు మీద నలిగి వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. పొద్దున్నే, బండి కదలకముందు, డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన పట్టికలో నిండు బరువుకు చెప్పిన ఒత్తిడి పెట్టించాలి. అందం కోసం వెడల్పు టైర్లు వేయించుకుంటే బరువూ నిరోధమూ పెరుగుతాయి.

రాళ్ల పొడి గురించి ఒక మాట. పాలిష్ యూనిట్ల బురద ఎండి దుమ్మై లేస్తుంది. ఎయిర్ ఫిల్టరు త్వరగా నిండుతుంది. ఇంధన ఇంజెక్షన్ ఉన్న బళ్లలో నిండిన ఫిల్టరు పికప్‌ను తగ్గిస్తుంది తప్ప మైలేజీని పెద్దగా మార్చదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో తేల్చింది. ఫిల్టరు మార్చాల్సింది ఇంజన్ అరగకుండా ఉండటానికి. అదే దుమ్ము రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ రెక్కల్లో పేరుకుంటే మాత్రం చల్లదనం తగ్గి కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది. సర్వీసింగ్‌లో దాన్ని నీళ్లతో కడిగించడం మరవకూడదు. కంపెనీ చెప్పిన పలచని ఇంజన్ ఆయిల్ బదులు చిక్కటిది పోస్తే ఒకటి రెండు శాతం నష్టం. పట్టేసిన బ్రేకు, తప్పిన వీల్ అలైన్‌మెంట్ అంతకన్నా ఎక్కువ తింటాయి. తెల్లవారుజామున పోయించుకుంటే పెట్రోలు చిక్కగా వస్తుందన్న నమ్మకానికి ఆధారం బలహీనం. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, పగటికీ రాత్రికీ అందులో వేడి పెద్దగా మారదు.

ఇంత చెప్పినా, కొలవనిదే ఏదీ తేలదు. డ్యాష్‌బోర్డు చూపే అంకె అసలు కన్నా కొంచెం ఎక్కువగా ఉండటం మామూలు. ఒకే బంకులో, నాజిల్ మొదటిసారి ఆగేదాకా ట్యాంకు ఫుల్ చేయించి, రీడింగు రాసుకుని, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ అదే పద్ధతిలో నింపి భాగించాలి. ఊరి తిరుగుడునూ దూర ప్రయాణాన్నీ వేరు వేరుగా, ఎండాకాలాన్నీ చలికాలాన్నీ వేరు వేరుగా రాసుకోవాలి. పోల్చేటప్పుడు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నదాని కన్నా 100 కి.మీ.కు ఎన్ని లీటర్లు అన్నది నిజాన్ని బాగా చూపిస్తుంది. 10 ఇచ్చే బండిని 12కు తెస్తే 100 కి.మీ.కు 1.67 లీటర్లు మిగులుతాయి. 18 నుంచి 20కి తెస్తే మిగిలేది అర లీటరు చిల్లర. రెండు చోట్లా పెరిగింది రెండే అయినా పొదుపులో మూడింతల తేడా. ఇంట్లో రెండు బళ్లుంటే ముందు ఆరా తీయాల్సింది ఎక్కువ తాగే దాన్ని.

కొనేవారి ముందు ఇప్పుడున్న మరో దారి హైబ్రిడ్. కంపెనీలు అమ్మే కార్ల సగటు కర్బన ఉద్గారం కిలోమీటరుకు 130 గ్రాముల దగ్గర మొదలై, 2022-23 నుంచి 113 గ్రాములకు దిగాలని కేంద్రం విధించిన నియమం కూడా కంపెనీలను ఇటు నెట్టింది. 2022లో వచ్చిన మారుతీ గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు పరీక్షశాలలో వచ్చిన మైలేజీ లీటరుకు 27.97 కి.మీ. అదే బండిలో మామూలు మాన్యువల్ గేర్ల రకానికి 21.11. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని బ్యాటరీలో పట్టి, నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజన్ ఆపేసి మోటారుతో నడపడం ఈ తేడాకు మూలం. కాబట్టి స్పీడ్ బ్రేకర్లు, బజారు రద్దీ ఉన్నచోటే హైబ్రిడ్ తన ధరకు న్యాయం చేస్తుంది. డోన్ నుంచి బెంగళూరు దాకా 110 వేగంతో ఏకధాటిగా నడిపితే బ్రేకులో దొరికేదేమీ ఉండదు, హైబ్రిడ్ అయినా కాకపోయినా అదే బండికి గాలి నిరోధం ఒకటే. అక్కడ దాని ఆధిక్యం బాగా కుదించుకుపోతుంది. ఏటా తిరిగే దూరంలో ఊరి వాటా ఎంత, హైవే వాటా ఎంత అన్న లెక్క కాగితం మీద వేసుకున్నాకే పెట్రోలు, డీజిల్, హైబ్రిడ్‌లలో ఏది తగినదో చెప్పడం వీలవుతుంది.